రాజశాసనం చదవడం ఎలా? 4వ పాఠం: ఆజ్ఞ వేరు, అమలు వేరు

పోయిన పాఠంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1673 నాటి ఆజ్ఞ ఇచ్చి, దాన్నిబట్టి ఏం తెలుస్తోందో రాయమన్నాను. చాలా జవాబులు ఒకే దారి పట్టాయి: "దీంతో పారిస్ పార్లమా నోరు మూతపడింది, రాజుకు ఇక ఎదురులేదు." అందుకే ఈసారి పన్నుల జోలికి వెంటనే పోవడం లేదు. ముందు ఇది తేలాలి.

పార్లమా అంటే చట్టసభ కాదు, పెద్ద న్యాయస్థానమని మీకు తెలుసు. రాజశాసనం అక్కడ నమోదైతేనే దాని పరిధిలో చెల్లుతుంది. నమోదుకు ముందే అభ్యంతరాలు రాసి పంపే హక్కు న్యాయమూర్తులకు ఉండేది. 1673 ఆజ్ఞతో లూయీ ఆ వరుస తిరగేశాడు: ముందు నమోదు చెయ్యండి, చెప్పుకునేది తర్వాత చెప్పుకోండి. హక్కును రద్దు చెయ్యలేదు, దాని పదును తీసేశాడు.

ఇక 1715కి రండి. సెప్టెంబర్ 1న లూయీ కన్నుమూశాడు. వారసుడు అయిదేళ్ల మునిమనవడు. తమ్ముడి కొడుకైన ఓర్లియాన్ ప్రభువు ఫిలిప్ చేతికి పూర్తి అధికారం పోకుండా ముసలిరాజు వీలునామా రాసి పెట్టాడు. మర్నాడే ఫిలిప్ పార్లమా మెట్లెక్కాడు. వాళ్లు వీలునామాను పక్కనపెట్టి పాలనాధికారం ఆయనకు అప్పగించారు. ఆ నెలలోనే వాళ్ల పాత హక్కు వాళ్లకు తిరిగొచ్చింది. 42 ఏళ్లు అణిగి ఉన్నవాళ్లకు అంత బలం ఎక్కడిది? ఆ న్యాయమూర్తి పదవులు వాళ్లు కొనుక్కున్నవి. 1604 నుంచి పదవి విలువలో 60వ వంతు ఏటా కడితే అది కొడుక్కి దక్కేది. తీసెయ్యాలంటే వాళ్ల సొమ్ము రాజు వాపసు ఇవ్వాలి. యుద్ధాలతో ఖజానా ఖాళీ.

మీరు పడిన గుంట ఇదే: శాసనం తేదీని పని జరిగిన తేదీగా వేసుకోవడం. దయచేసి ఇది మానండి. ద్వంద్వయుద్ధాలపై నిషేధం చూడండి: 1602, 1609, 1626, 1651, 1679. మొదటిది అమలైతే అయిదోదానితో పనేముంది? అందుకే నేను ఏ శాసనాన్నయినా చదవబోయే ముందు అదే విషయం మీద అంతకుముందు వచ్చినవాటి తేదీలు వరుసగా రాసుకుంటాను. పీఠిక ఆ తర్వాతే.

అలాగని రాజు మాట ఉత్తదేనని రాసినా ఒప్పుకోను. 1627లో మోమొరాన్సీ-బూత్‌విల్ అనే కులీనుడు పారిస్ నడిబొడ్డున, రాజచత్వరంలో, పట్టపగలు కత్తి దూశాడు. నిషేధాన్ని సవాలు చెయ్యడానికే ఆ చోటు ఎంచుకున్నాడు. పెద్ద పెద్ద కుటుంబాలు వేడుకున్నా అప్పటి రాజు పదమూడో లూయీ వినలేదు, తల తీయించాడు. అయినా కత్తులు ఒరల్లోకి పోలేదు. ఈ రెండూ ఒకే జవాబులో పట్టాలి.

అభ్యాసం: 1695 తలపన్ను. ప్రజలను 22 తరగతులుగా విడదీశారు. యువరాజున్న మొదటి తరగతికి 2000 లీవ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు), చివరిదానికి 1. కులీనులకూ మినహాయింపు లేదు. మతాధికారులు మాత్రం మొత్తంగా కొంత ముట్టజెప్పి తప్పుకున్నారు. 1698లో ఎత్తేసి, 1701లో మళ్లీ వేశారు. ఎవరు లెక్కగట్టారు, ఎవరు కట్టారు, ఎవరు బేరమాడారు, ఎందుకు మళ్లీ వచ్చింది? ఒక పేజీ రాయండి. ఒక్క వాక్యానికి కూడా రాజు కర్త కాకూడదు.