రెండు కారణాల రిగ్రెషన్: చేతిలెక్కలో చేసే తీరు

మల్టిపుల్ రిగ్రెషన్ (ఒక ఫలితం మీద ఒకటికి మించిన కారణాల్లో ఒక్కోదాని వాటా ఎంతో తేల్చే లెక్క) అనగానే కంప్యూటర్ తెరుస్తారు గానీ, కారణాలు రెండే అయితే ఆరు మొత్తాలతో పని అయిపోతుంది. తప్పులు దొర్లేదీ ఎక్కువగా ఆ ఆరింట్లోనే.

లెక్క కోసం వేసుకున్న అంకెలివి. ఐదుగురు విద్యార్థులు రోజుకి చదివిన గంటలు (గ), రాసిన మోడల్ టెస్టులు (ట), 30కి తెచ్చుకున్న మార్కులు (మ):

గ: 1, 2, 3, 4, 5
ట: 3, 2, 6, 4, 10
మ: 17, 18, 24, 20, 26

సగటులు 3, 5, 21. ప్రతి అంకెలోంచి దాని సగటు తీసేయండి. కింద నాలుగో వరుసలో ఒక్కో విద్యార్థి మూడు విచలనాలనూ కూడి రాయండి. బద్ధకించి దీన్ని వదిలేసేవాళ్లే చివర్లో తల పట్టుకుంటారు.

గ: −2, −1, 0, 1, 2
ట: −2, −3, 1, −1, 5
మ: −4, −3, 3, −1, 5
చెక్: −8, −7, 4, −1, 12

ఇప్పుడు వరుసల్ని రెండేసి చొప్పున నిలువునా గుణించి కూడితే (గగ అంటే గ వరుసని దానితోనే, గట అంటే గ వరుసని ట వరుసతో): గగ 10, టట 40, మమ 60, గట 16, గమ 20, టమ 46. గ వరుసని చెక్ వరుసతో గుణించి కూడితే 46 రావాలి. 10+16+20 కూడా అంతే. ట వరుసకి 102, అంటే 16+40+46. పొంతన కుదరకపోతే ముందుకెళ్లొద్దు.

సగటు పూర్ణసంఖ్య కాకుండా భిన్నం వస్తే విచలనాల జోలికి పోకుండా అసలు అంకెల వర్గాలే కూడండి: గ వర్గాల మొత్తం 55, అందులోంచి 15×15÷5 = 45 తీసేస్తే అదే 10. ఈ తీసివేత మర్చిపోవడం మామూలు పొరపాటు.

గంట పెరిగితే పెరిగే మార్కులు క, టెస్టు పెరిగితే పెరిగేవి చ అనుకుంటే సమీకరణాలు రెండు:
10క + 16చ = 20
16క + 40చ = 46

భాజకం 10×40 − 16×16 = 144.
క = (20×40 − 46×16) ÷ 144 = 0.4444
చ = (46×10 − 20×16) ÷ 144 = 0.9722
స్థిరాంకం = 21 − 3క − 5చ = 14.8056

గంటల్ని మాత్రమే చూస్తే గంటకి 20÷10 = 2 మార్కులు. టెస్టులు పక్కన చేరగానే అది 0.44కి పడిపోయింది. ఎక్కువ చదివినవాళ్లే ఎక్కువ టెస్టులూ రాశారు కాబట్టి; ఆ రెంటి కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 16÷√(10×40) = 0.8. ఇది 1కి దగ్గరయ్యేకొద్దీ భాజకం చిక్కిపోతుంది, దశాంశంలో చిన్న తేడా కూడా జవాబుని ఊపేస్తుంది.

బహుళ కోరిలేషన్ వర్గం, అంటే మార్కుల తేడాల్లో రెండు కారణాలూ కలిసి వివరించే వాటా (1కి మించదు): (0.4444×20 + 0.9722×46) ÷ 60 = 0.8935. వర్గమూలం 0.945. మార్కులతో గంటలకీ, టెస్టులకీ విడివిడి కోరిలేషన్లు 0.8165, 0.9390. వీటి వర్గాలు కూడేస్తే 1.55 వస్తుంది, అది అసంభవం. గంటలకీ టెస్టులకీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు. ఇదే వర్గాన్ని మొత్తాలకి బదులు కోరిలేషన్ల (గమ, టమ, గట) సూత్రంతో చేసేటప్పుడు వాటిని 0.8, 0.9, 0.8 అని ఒక దశాంశానికే సరిపెడితే 0.8935 కాస్తా 0.83 అవుతుంది. చివరిదాకా నాలుగు దశాంశాలు ఉంచండి.

కారణాలు రెండు దాటితే ఈ సూత్రాలు పనికిరావు. అమెరికా తీర సర్వేలో పనిచేసిన డూలిటిల్ 1878లో రాసిన పట్టిక పద్ధతి పట్టండి, చెక్ వరుసని అక్కడా వెంట ఉంచుకోండి.

ఇక 0.8935 చూసి మురిసిపోకండి. ఐదుగురు మనుషులు, తేల్చిన గుణకాలు మూడు (క, చ, స్థిరాంకం). అందుకు సర్దుబాటు చేస్తే 1 − 0.1065×4÷2 (4 అంటే 5−1, 2 అంటే 5−3), అంటే 0.787.