ఎడిన్‌బరో ఫ్రింజ్‌కు పాఠశాల నాటక బృందంతో వెళ్లే పిల్లలను ఎలా సిద్ధం చేయాలి?

పాఠశాల నాటక బృందంలో ఉన్న మీ అమ్మాయో అబ్బాయో ఆగస్టులో స్కాట్లాండ్‌లో జరిగే ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే కళల ఉత్సవానికి వెళ్తున్నారంటే, ఇంట్లో మాటలన్నీ విమానం, సామాను, ఖర్చు చుట్టూనే తిరుగుతాయి. అవి అవసరమే. కానీ ఆ ఉత్సవంలో పిల్లలు స్వయంగా చేయవలసిన పని చాలా ఉంటుంది, ఆ సమయంలో తల్లిదండ్రులు పక్కన ఉండరు. కాబట్టి ప్రయాణానికి ముందు రెండు మూడు నెలల పాటు ప్రతి పనీ వారి చేతే చేయించాలని గట్టిగా చెప్తాను.

1947లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు, పిలుపు అందని ఎనిమిది నాటక బృందాలు తమంతట తామే వచ్చి ప్రదర్శనలిచ్చాయి. ఫ్రింజ్ అలా పుట్టింది. ఇప్పటికీ అక్కడ ఎంపిక సంఘం లేదు. వేదిక కుదుర్చుకుని, రుసుము కట్టి నమోదైన బృందం ఏదైనా ఆడవచ్చు. 2019లో అలా నమోదైన ప్రదర్శనలు 3,800 దాటాయి. అంత పోటీలో, పేరు తెలియని ఒక పాఠశాల నాటకానికి హాలు నిండుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పది మంది వచ్చినా నిండు సభ ముందు ఆడినట్టే ఆడాలన్న సంగతి పిల్లలకు అక్కడికి వెళ్లాక కాక ఇంట్లోనే తెలియాలి. బంధువుల్లో నలుగురిని కూర్చోబెట్టి ఒకసారి మొత్తం నాటకం ఆడించి చూడండి. నవ్వు రావలసిన చోట నిశ్శబ్దం ఎదురైతే వేగం పెంచేయకుండా నిలదొక్కుకోవడం ఆ సాధనతోనే వస్తుంది.

కాగితాల పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. బ్రిటన్‌కు వీసా కావాలా, లేక ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి సరిపోతుందా అన్నది పిల్లల పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే బృందంలోని ఇద్దరికి రెండు రకాల నియమాలు వర్తించవచ్చు కనుక, పాఠశాల వారే చూసుకుంటారని వదిలేయకూడదు. ఈటీఏ అవసరమైతే పిల్లలకూ విడిగా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు వారు తల్లిదండ్రులు లేకుండా ప్రయాణిస్తున్నప్పుడు సంతకం చేసిన సమ్మతి పత్రం, బాధ్యత వహించే ఉపాధ్యాయుల వివరాలు, బస చిరునామా దగ్గర ఉంచుకోవాలి. ఎవరితో వచ్చావు, ఎక్కడ ఉంటావు, ఎన్ని రోజులు ఉంటావు అని సరిహద్దు అధికారి అడిగితే, పక్కవారి వైపు చూడకుండా జవాబు చెప్పగలగాలి. బడి వయసు పిల్లలు వేదికెక్కడానికి అక్కడ లైసెన్సు అవసరమయ్యే సందర్భాలున్నాయి. మీ బృందం సంగతి నగర మండలితో తేల్చుకున్నారా అని నిర్వాహకులను అడగడానికి మొహమాటపడకండి.

ఇక కరపత్రాల పని. పిల్లలు భయపడేది దీనికే, ఎక్కువ నేర్చుకునేదీ దీనితోనే. కోట నుంచి హోలీరూడ్ ప్రాసాదం దాకా సాగే రాయల్ మైల్ అనే వీధిలో, ఉత్సవ రోజుల్లో వందలాది కళాకారులు వేషాలతో నిలబడి తమ ప్రదర్శనకు రమ్మని దారిన పోయేవారిని పిలుస్తుంటారు. అక్కడ కథంతా చెప్పే వ్యవధి ఉండదు. “మా నాటకంలో ఊరి గడియారం ఆగిపోతుంది, ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ నిజం చెప్పరు, మధ్యాహ్నం రెండున్నరకు, ఇక్కడి నుంచి ఐదు నిమిషాల నడక” అన్నట్టు, కథలో ఆసక్తి రేపే సంగతి, వేళ, చోటు ఒకే ఊపిరిలో వచ్చేలా ప్రతి విద్యార్థీ తన సొంత మాటల్లో తయారుచేసుకోవాలి. కరపత్రం ముందు వైపు ఎదుటివారికి నిటారుగా కనిపించేలా పట్టుకోవాలి. ముందుగా కళ్లలోకి చూసి పలకరించాలి, వద్దంటే నవ్వుతూ ధన్యవాదాలు చెప్పి తప్పుకోవాలి. వంద మంది చేతుల్లో కుక్కడం కంటే ఆగి విన్న ఐదుగురితో నిమిషం సేపు మాట్లాడడమే మేలని నా అభిప్రాయం. అపరిచితుల తిరస్కారాన్ని మనసుకు తీసుకోకుండా మరొకరిని పలకరించడం పదిహేనేళ్ల పిల్లలకు చిన్న విషయం కాదు; దాన్ని పెద్దలు తేలిగ్గా తీసిపారేయకూడదు.

వేదిక విషయానికి వస్తే, చర్చి హాలు కావచ్చు, విశ్వవిద్యాలయపు తరగతి గది కావచ్చు, ఒకే చోట పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఎన్నో బృందాలు వంతులవారీగా ఆడతాయి. ఒక ప్రదర్శనకూ మరోదానికీ మధ్య చాలా చోట్ల పావుగంటకు అటూ ఇటూగానే సమయం ఉంటుంది. ఆ లోపే ముందువారు సామాను తీయాలి, మీవారు అమర్చాలి. లైట్లు, శబ్దాల కోసం జరిపే టెక్ రిహార్సల్ సాధారణంగా ఒక్కసారే, కొద్ది గంటలే ఉంటుంది. అందులో నటనకు చోటుండదని పిల్లలు ముందే తెలుసుకుంటే నిరాశపడరు. అద్దం లేని ఇరుకు నడవాలో మూడు నిమిషాల్లో వేషం మార్చుకోవడం, వస్తువులన్నీ పేరు రాసిన ఒకే సంచిలో సర్దడం, ఆ సంచి లోపల జాబితా అతికించి చివర లెక్క చూసుకోవడం ఇంట్లో గడియారం పెట్టి చేయించండి. వేషానికి తప్పనిసరైన దుస్తులు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, ఎందుకంటే పెద్ద పెట్టె ఆలస్యమైనా నాటకం ఆగదు. బొమ్మ కత్తుల వంటివి మాత్రం పెద్ద పెట్టెలోనే పెట్టాలి.

ఎడిన్‌బరో పాత నగరం అంతస్తులుగా ఉన్న ఊరు. పటంలో జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జ్, కౌగేట్ వీధులు కలుసుకున్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఒకటి వంతెన మీద పోతుంటే మరొకటి దాని కింద పోతుంది. తెలియనివారు వేదిక తలపైనో కాళ్ల కిందో ఉండగానే దారి కోసం వెతుకుతూ ఉండిపోతారు. మొదటి రోజే బస నుంచి వేదికకు నడిచి, పట్టిన సమయం రాసిపెట్టుకోమనండి. ఆగస్టులోనూ చల్లటి గాలి, వాన తప్పవు; రాతి పలకల వీధులకు తగిన బూట్లు, వాన కోటు ఉంటే చాలు, గొడుగు ఆ గాలికి నిలవదు.

ఖాళీ వేళల్లో ఇతరుల ప్రదర్శనలు చూడకపోతే అంత దూరం వెళ్లిన ప్రయోజనంలో సగం పోయినట్టే. నాటకాలే కాక మూకాభినయం, సర్కస్, నృత్యం, తమకు తెలియని దేశపు బృందం, ఇలా రోజుకు ఒక్కటైనా తాము సొంతంగా ఎంచుకోని రకం చూడాలన్న నియమం పెట్టుకుంటే బాగుంటుంది. వయోపరిమితి సూచన చూసుకోవాలి. ఆలస్యంగా వచ్చినవారిని చాలా వేదికలు లోపలికి రానివ్వవు. టికెట్ లేని ప్రదర్శనల చివర కళాకారులు బకెట్ పట్టుకుని నిలబడతారు, అందులో వేయడానికి కొన్ని పౌండ్లు జేబులో ఉండాలి.

మందులు అసలు పెట్టెల్లో, వైద్యుల చీటీతో పంపండి. ప్రయాణ బీమా వివరాలు, ఉపాధ్యాయుల నంబర్లు ఫోన్‌లోనే కాక కాగితం మీదా ఉండాలి. అక్కడి అత్యవసర నంబర్ 999. రోజుకు ఒక వేళ అనుకుని, ఆ వేళకు పిల్లలే సందేశం పంపే ఏర్పాటు చేసుకోండి. ప్రదర్శనకు ముందు గంటలో మాత్రం మీరు ఫోన్ చేయకండి.