వానలో తీరం వెంట సైకిల్ తొక్కుతున్నారా? చైను సంగతి రాత్రే చూసుకోండి

సెప్టెంబరు వానల్లో మా ఆవిడా నేనూ కొంకణ్ తీరం వెంట సైకిళ్ల మీద వెళ్లాం. రెండో రోజు పొద్దున దాభోల్‌లో రేవు దాటడానికి పంటు ఎక్కేసరికి నా చైను కిర్రుకిర్రుమంటోంది. చూస్తే లింకుల మధ్య ఎర్రటి తుప్పు! ఉప్పుగాలికి వాన తోడైతే ఒక్క రాత్రి చాలు.

అందుకే బస చేరగానే ముందు చైను మీద మంచినీళ్లు పోసి ఉప్పు, ఇసుక కడిగేయండి. పాత బనియన్ గుడ్డతో చైను పట్టుకుని, పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. ఆరాక చైను లింకుల మధ్య తిరిగే ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వెట్ లూబ్ (వానకి తట్టుకునే చిక్కటి చైను నూనె) వేయండి. పొడి వాతావరణంలో వాడే డ్రై లూబ్ అయితే వానకి కొట్టుకుపోతుంది. పైన మిగిలిన నూనె తుడవడం మాత్రం మానకండి, లేదంటే ఇసుక అంటుకుని పళ్లచక్రాల పళ్లు అరిగిపోతాయి. ఒకరు పెడల్ తిప్పుతుంటే ఇంకొకరు చుక్కలు వేస్తే పని తొందరగా అవుతుంది.