ఉప్పునీళ్ల అక్వేరియంలో ఫ్రాగ్ ర్యాక్ (చిన్న కోరల్ ముక్కలు పెట్టుకునే స్టాండ్) చేసే ముందు ఇవి చూస్కోండి

- ట్యాంక్‌లోంచి తీసిన పాత రాయి వాడుతుంటే ముందు దానిమీద జోయాంథిడ్లు (కోరల్ లాంటి జీవులు) ఉన్నాయేమో చూడండి, వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, ఆ రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్లు పోయడం అస్సలొద్దు, ఆవిరి పీల్చినా ఆస్పత్రి పాలే. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. నన్నడిగితే కొత్త డ్రై రాక్ (జీవులేవీ లేని ఎండు రాయి) కొనుక్కోవడమే హాయి.
- రాగి, ఇత్తడి స్క్రూలు వద్దు.
- ర్యాక్‌ని గాజుకి పట్టి ఉంచే మాగ్నెట్ పూత మీద చిన్న గీత ఉన్నా పక్కన పడేయండి, ఉప్పునీళ్లు లోపలికెళ్తే తుప్పే. రెండు మాగ్నెట్లూ అతుక్కునేటప్పుడు వేళ్లు జాగ్రత్త, గట్టిగా నలుగుతాయి!
- సిమెంట్‌తో రాయిలా చేస్తే పీహెచ్ దిగేదాకా నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, వారాలు పట్టొచ్చు, తొందరపడొద్దు.
- ఎపాక్సీ జిగురు ట్యాంక్‌లోనే పెడితే స్కిమ్మర్ (నురగతో నీళ్లలో మలినాలు తీసే పరికరం) నురగ పొంగుతుంది, కాసేపు ఆపేయండి.
- కోరల్ ముక్క అతికించే ప్లగ్ (చిన్న దిమ్మ) కింది కాడ ఎంత లావుందో కొలిచాకే ర్యాక్‌కి రంధ్రాలు డ్రిల్ చేయండి.