అరిగిన శిలాఫలకం చదవాలంటే టార్చ్ పక్కనుంచి వేయండి

స్పెయిన్‌లోని సోరియాలో కవి ఆంతోనియో మచాదో గుర్తులు చాలానే ఉన్నాయి. 1907 నుంచి 1912 దాకా ఆయన అక్కడ ఫ్రెంచ్ మాస్టారు. పద్దెనిమిదేళ్లకే పోయిన ఆయన భార్య లెయొనోర్ సమాధి కూడా ఆ ఊళ్లోనే, ఎస్పినో శ్మశానంలో ఉంది. పాత రాళ్ల మీద అరిగిన అక్షరాలతోనే చిక్కు. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఫొటోలో తెల్లమచ్చే వస్తుంది, ట్రాన్స్‌లేట్ యాప్ చేతులెత్తేస్తుంది.

ఫ్లాష్ ఆపేయండి. రెండో ఫోన్ టార్చ్‌ని రాతి పక్కన అడుగు దూరంలో, వెలుతురు రాతిని రాసుకుంటూ పోయేలా పట్టుకోండి. చెక్కిన గాడిలో నీడ పడి అక్షరం పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఎడమ నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, రెండు ఫొటోలు తీయండి. ఒకే వైపు నుంచి వేస్తే ఆ దిశలో ఉన్న గీతలు మాయమవుతాయి, నాకు మొదట అదే జరిగింది. తర్వాత అలా రెండు వైపుల నుంచి తీసిన ఫొటోలనే యాప్‌లో పెట్టాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఇది పనిచేయదు. చున్నీయో గొడుగో అడ్డం పెట్టాలి, లేదా సాయంత్రం వెళ్లాలి. చెక్కకుండా రంగుతో రాసిన అక్షరాలకూ లాభం లేదు. చాక్‌పీస్ రుద్దడం మాత్రం వద్దు, రాయి పాడవుతుంది.