ముగ్గురు నలుగురితో ఆత్మీయ గుంపు ఎలా మొదలుపెట్టాలి

క్రైస్తవులు తమ తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకుని ప్రార్థించుకునే ఈ గుంపుకి ఎక్కువమందిని పిలవకండి, ముగ్గురు నలుగురు చాలు, మగవాళ్లు, ఆడవాళ్లు వేరువేరుగా కూర్చుంటే మనసు విప్పడం తేలిక. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1738లో "బ్యాండ్లు" అనే చిన్న ఆత్మీయ గుంపుల కోసం రాసిన నియమాలూ ఇలాంటివే: వారానికోసారి కలవాలి, పోయిన కలయిక తర్వాత ఏ పాపం చేశారో ఒక్కొక్కరూ చెప్పాలి.

అసలు చిక్కు ఇక్కడే. చాలా గుంపులు బైబిల్ వాక్యం చదివి, టీ తాగి, "అంతా దేవుని కృప" అనేసి లేచిపోతాయి. ఫోన్‌లో ఏం చూశావు, ఇంట్లో ఎవరిమీద అరిచావు, డబ్బు విషయంలో అబద్ధమాడావా అని సూటిగా అడగండి, అడిగేవాళ్లే ముందు తమది చెప్పాలి. విన్నాక ఉపదేశం వద్దు, బైబిల్లో యాకోబు పత్రిక 5:16 చెప్పినట్టు అక్కడికక్కడే ప్రార్థించండి.

విన్నది బయటికి పోకూడదు, "ప్రార్థన అంశం" పేరుతో కూడా. ప్రాణాపాయం, పిల్లలపై హింస లాంటివైతే మాత్రం దాచకండి.