సెలవుల్లో పాత గేములు ఆడబోతున్నారా? ముందు ఇది చదవండి

2025లో ఇటలీ పోలీసులు ఓ యూట్యూబర్ ఇంటికొచ్చి 30కి పైగా గేమింగ్ పరికరాలు పట్టుకుపోయారు. పాత గేములు ముందే ఎక్కించి అమ్మే చేతి కన్సోళ్లను రివ్యూ పేరుతో ప్రచారం చేశాడన్నది ఆరోపణ. అలాంటి కన్సోళ్లు మన దగ్గరా ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, వేసవి సెలవులూ వస్తున్నాయి.

ఎమ్యులేటర్, అంటే పాత కన్సోల్ గేములను ఫోన్లోనో కంప్యూటర్లోనో నడిపే ప్రోగ్రామ్: దీంతో పేచీ లేదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ మీద సోనీ కోర్టుకెక్కితే 2000లో అమెరికా అప్పీలు కోర్టు దాన్ని తయారుచేసిన కనెక్టిక్స్ పక్షానే తీర్పిచ్చింది. 2024లో యాపిల్ కూడా యాప్ స్టోర్‌లోకి రానిచ్చింది.

గేమ్ ఫైలు, అంటే రోమ్: నెట్ నుంచి దించుకుంటే పైరసీయే. మీరు కొన్న అసలు కేసెట్ నుంచి సొంతానికి కాపీ తీసుకోవడానికి మన కాపీరైట్ చట్టంలో చోటుంది. ఇంకెవరో ఎక్కించిన ఫైలుకు అది వర్తించదు. అటక మీది ‘9999 ఇన్ 1’ కేసెట్ చూపించి నాదీ ఒరిజినలే అనకండి. ఒకే కాంట్రాను పది పేర్లతో ఇరికించిన ఆ కేసెట్టే దొంగ కాపీ.

ఇక కొంప ముంచేది పంచడం. దొంగ కాపీ అని తెలిసీ వాడితేనే మన చట్టంలో 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. లాభానికి కాదని తేలితే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో వదలొచ్చు. డబ్బు చేతులు మారితే ఆ వెసులుబాటు పోయినట్టే. 2018లో గేముల కంపెనీ నింటెండోకు కోటీ 20 లక్షల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్న అమెరికా జంట చేసిందీ ఇదే, రోమ్‌ల సైట్లు నడిపారు.

టోరెంట్ వాడొద్దు. మీరు దించుకుంటున్నంతసేపూ అది మీ దగ్గర్నుంచి ఊరందరికీ పంచుతూనే ఉంటుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు.

గేములు నింపిన మెమరీ కార్డు అమ్మొద్దు. ఖర్చులకే తీసుకున్నా అన్నా కుదరదు.

టెలిగ్రామ్ గ్రూపులో లింకు పెట్టొద్దు.

24 గంటల్లో డిలీట్ చేస్తే ఏం కాదన్నది ఒట్టి పుకారు.

కంపెనీ అమ్మడం మానేసిందన్న వాదన కోర్టులో నిలవదు. అమెరికాలో వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని 2023లో ఓ అధ్యయనం తేల్చింది. కడుపు మండే మాటే, కానీ హక్కు వాళ్లదే.

నింటెండో కన్సోల్ ‘స్విచ్’ గేముల జోలికే పోవద్దు. కాపీ కాకుండా వాటికి వేసిన డిజిటల్ తాళం విరగ్గొట్టడం విడిగా ఇంకో నేరం. ఈ తాళం గొడవలోనే 2024లో యూజూ అనే స్విచ్ ఎమ్యులేటర్ వాళ్లు నింటెండోతో 24 లక్షల డాలర్లకు రాజీపడి దుకాణం కట్టేశారు.

తమ్ముడికీ, పక్కింటి పిల్లాడికీ కాపీ చేసివ్వొద్దు. పంచొద్దు అంటే ఎవరికీ పంచొద్దనే.

ఊరికే ఆడాలనుంటే, తయారుచేసినవాళ్లే ఉచితంగా ఇచ్చే హోమ్‌బ్రూ గేములు వెతకండి. అవి కూడా వేరేవాళ్లకిచ్చే ముందు లైసెన్సు చదవండి.